పికప్ ఎత్తు పెంచే ముందు: అసలు కింద తగులుతోంది ఏది?

చెరువుగట్టు_ఉండి:
బండి ఇసుజు వి-క్రాస్, 2017 మోడలు, ఫోర్ బై ఫోర్, తెల్ల బోర్డు. టైర్లు 255/65 ఆర్17. ముందు కాయిల్ స్ప్రింగులు, వెనక కమాన్లు (పట్టీల స్ప్రింగులు). తిరిగేది ఉండి, ఆకివీడు మధ్య చెరువు గట్ల మీద. వారానికి రెండు మూడు సార్లు 165 హైవే మీద భీమవరం. బరువంటే పది పన్నెండు మేత బస్తాలు (25 కిలోలవి), అప్పుడప్పుడు ఏరేటర్ మోటార్లు. వానాకాలంలో ట్రాక్టర్లు తొక్కి గాడులు పడ్డాక బండి కడుపు రాసుకుంటోంది. పుంతలో మోకాటి లోతు నీళ్లు నిలుస్తాయి. బండి ఎత్తు పెంచే నాలుగు అంగుళాల లిఫ్టు కిట్టు వేయించుకోమంటున్నారు. వేయించే ముందు ఏమేం చూసుకోవాలండీ?

పుంతరోడ్డు:
నాలుగు అంగుళాల సంగతి పక్కన పెట్టి ముందు బండి కింద దూరండి. ఎత్తు అని మనం ఒక్క మాటలో అంటాం గానీ కింద మూడు వేరు వేరు ఎత్తులున్నాయి.

ఒకటి, వెనక క్రౌన్ హౌసింగ్ (వెనక ఇరుసు మధ్య గేర్లుండే గుండ్రటి పెట్టె) అడుగు. అది చక్రాలతో కలిసి ఉంటుంది. స్ప్రింగులు ఎంత లేపినా ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. దాన్ని లేపేది టైరు ఒక్కటే.

రెండు, ఛాసిస్, గేర్ బాక్సు, ముందు రేకు (ఇంజను అడుగున ఉండే కాపు రేకు), డీజిల్ ట్యాంకు. స్ప్రింగుల లిఫ్టుతో లేచేవి ఇవి.

మూడు, నీళ్లు ఎక్కడిదాకా రావచ్చు అన్నది. అది గాలి పీల్చే గొట్టం నోరు, బ్రీదర్ పైపులు (హౌసింగ్, గేర్ బాక్సు గాలి పీల్చే సన్న పైపులు), వైరింగ్ జాయింట్ల మీద ఆధారపడుతుంది.

గాడి మధ్య దిబ్బకి రాసుకుంటోంది క్రౌన్ హౌసింగే అయితే నాలుగు అంగుళాల కిట్టు డబ్బులు గోదాట్లో పోసినట్టే. బండి కింద మట్టి గీసిన గుర్తులుంటాయి, చూడండి. ఎక్కడ పెయింటు పోయి మెరుస్తోందో అదే తగులుతున్న చోటు.

కమాన్‌కట్ట:
పై మాటకి ఒకటి కలుపుతాను. 2017 బండి అంటే స్ప్రింగులు ఇప్పటికే కొంత కూలబడి ఉంటాయి. ఆ కూలిన ఎత్తు తిరిగి తెచ్చుకోవడం లిఫ్టు కాదు, రిపేరు. ముందు ఆ తేడా తేల్చుకోవాలి.

కొలిచే పద్ధతి: సమంగా ఉన్న సిమెంటు గచ్చు మీద పెట్టండి. నాలుగు టైర్లలో గాలి సరిచూసి, డీజిల్ నిండా కొట్టించి, వెనక ఏమీ లేకుండా చూడండి. బండిని ముందుకీ వెనక్కీ ఒకసారి కదిపి వదిలేస్తే స్ప్రింగులు సర్దుకుంటాయి. అప్పుడు ప్రతి చక్రానికీ హబ్బు మధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా నిలువుగా కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు అరుగుదల కూడా కలిసిపోతుంది, అందుకే హబ్బు నుంచి. ఎడమ కుడి తేడా 10 మి.మీ. దాటితే ఒక పక్క కమాను చచ్చినట్టు. తర్వాత మామూలుగా వేసే బరువు వేసి మళ్లీ కొలవండి. వెనక బంప్ స్టాపుకీ (ఇరుసు ఛాసిస్‌కి కొట్టుకోకుండా ఆపే రబ్బరు దిమ్మ) హౌసింగ్‌కీ మధ్య ఖాళీ ఎంత మిగిలిందో కూడా రాసుకోండి.

చెరువుగట్టు_ఉండి:
కొలిచాను. క్రౌన్ హౌసింగ్ అడుగు నేలకి 218 మి.మీ. ముందు రేకు అడుగు 232. వెనక ఎడమ పక్క కుడికంటే 17 మి.మీ. తక్కువ. ముందు రెండు పక్కలా సమానమే. గాడి మధ్య దిబ్బ ఎక్కువ చోట్ల 180 నుంచి 200, తూము దగ్గర మాత్రం 260. గీతలు ఎక్కువ ఉన్నది ముందు రేకు మీద, గట్టు మీంచి రోడ్డెక్కే ర్యాంపు దగ్గర తగిలినవి. హౌసింగ్ మీద రెండే గీతలు.

పుంతరోడ్డు:
చూశారా, సగం జవాబు మీ టేపులోనే ఉంది. తూము దగ్గర 260 దిబ్బని ఏ లిఫ్టూ దాటించదు, ఎందుకంటే హౌసింగ్ 218 దగ్గరే ఉంటుంది. అక్కడ రెండు ట్రక్కుల గ్రావెల్ పోయించండి. లేదా ఒక పక్క చక్రాలు దిబ్బ మీదా రెండో పక్కవి గాడికి బయటా పెట్టి నడపండి. గట్టు వెడల్పు సరిపోతేనే సుమా, అంచు మెత్తగా ఉంటే బండి చెరువులో ఉంటుంది.

మిగతా చోట్ల మీకు కావాల్సింది ముందు రేకు ర్యాంపుకి తగలకుండా 35, 40 మి.మీ., హౌసింగ్ కింద ఇంకో 20. ముందుది స్ప్రింగులు ఇస్తాయి, వెనకది టైరు ఇస్తుంది.

టైరు లెక్క ఇలా: 255/65 ఆర్17 అంటే 255లో 65 శాతం 165.75, రెండు పక్కలా కలిపి 331.5. దానికి 17 అంగుళాల రిమ్ము 431.8 కలిపితే మొత్తం 763 మి.మీ. అదే 265/70 ఆర్17 అయితే 803. తేడా 40, అందులో సగం, అంటే 20 మి.మీ. హౌసింగ్ లేస్తుంది. స్పీడోమీటరు 5 శాతం తక్కువ చూపిస్తుంది, ముల్లు 60 మీద ఉంటే బండి 63లో ఉన్నట్టు. గేర్లు కూడా అంతే మేర బరువెక్కుతాయి.

టైరు కొనే ముందు మూడు సంగతులు. స్టీరింగు పూర్తిగా తిప్పి, ఆ పక్క చక్రాన్ని జాకీతో పైకి నొక్కి, మడ్ ఫ్లాపుకీ లోపలి ప్లాస్టిక్కుకీ రాస్తోందేమో చూడాలి. స్టెప్నీ కింద దాని చోట్లో పడుతుందా చూడాలి. టైరు పక్కన రాసి ఉండే లోడ్ ఇండెక్స్ (ఎంత బరువు మోస్తుందో చెప్పే అంకె) పాతదానికంటే తగ్గకూడదు.

గౌతమి_రేవు:
ఇంత లెక్కలెందుకండీ. వెనక కమానుకీ హౌసింగ్‌కీ మధ్య మూడంగుళాల బ్లాకు, ముందు స్ప్రింగు మీద స్పేసరు. రెండు గంటల పని, తక్కువ ఖర్చు. చాలా బళ్లకి వేస్తున్నారు.

కమాన్‌కట్ట:
వేస్తున్నారు, నిజమే. ఏమవుతుందో చెప్తాను, తర్వాత ఎవరిష్టం వారిది.

బ్లాకు ఎత్తు పెరిగే కొద్దీ అది ఒక గునపంలా పనిచేస్తుంది. బురదలో గట్టిగా యాక్సిలరేటర్ నొక్కినప్పుడు హౌసింగ్ ముక్కు (ఇంజను నుంచి వచ్చే షాఫ్టు తగిలించే ముందు కొస) పైకి తిరగాలని చూస్తుంది, ఆ మెలి కమాను మీద పడి అది ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంగుతుంది. సెంటర్ బోల్టు (పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే బోల్టు) తెగేది అప్పుడే. బోల్టు తెగితే హౌసింగ్ కమాను కింద ముందుకో వెనక్కో జరుగుతుంది, బండి పీతలా పక్కకి నడుస్తుంది. 25 నుంచి 40 మి.మీ. దాకా, గట్టి ఇనప బ్లాకు, పైన సెంటర్ బోల్టు తలకి గుంట, అడుగున గూటం ఉన్నదైతే సర్దుకోవచ్చు. అల్యూమినియం పోత బ్లాకులొద్దు. ఒకదాని మీద ఒకటి రెండు పెట్టడం అసలే వద్దు. ముందు ఇరుసు కూడా కమాన్ల మీదే ఉండే బళ్లలో ముందు వైపు బ్లాకు ఎప్పటికీ వద్దు. బ్రేకు వేసినప్పుడు భారమంతా ముందుకే వస్తుంది, అక్కడ బ్లాకు జారితే స్టీరింగు పోయినట్టే.

యూ బోల్టులు (కమానుని హౌసింగ్‌కి బిగించే యూ ఆకారం బోల్టులు) ఎప్పుడూ కొత్తవే. ఒకసారి బిగించిన యూ బోల్టు సాగి ఉంటుంది, మళ్లీ బిగిస్తే పట్టు నిలవదు. బ్లాకు ఎంత ఎత్తో యూ బోల్టు అంత పొడుగు పెరగాలి. నట్టు బిగించాక మర మూడు నాలుగు చుట్లు బయటకి కనబడాలి. నాలుగూ ఒకేసారి కాకుండా ఐమూలగా కొంచెం కొంచెం బిగించాలి. 500 కిలోమీటర్లకి టార్క్ రెంచితో మళ్లీ చూడాలి. ఆ రెండో బిగింపు ఎవరూ చేయించరు, కమాన్ల షాపుకి మళ్లీ మళ్లీ బేరం వచ్చేది అందుకే.

స్పానర్17:
ముందు స్పేసరు గురించి. కాయిల్ పైన, షాకబ్జర్ కప్పు మీద పెట్టే స్పేసరు మందం, చక్రం దగ్గర వచ్చే ఎత్తు ఒకటి కాదు. స్ప్రింగు కింద ఆర్ము మధ్యలో కూర్చుంటుంది కాబట్టి 25 మి.మీ. స్పేసరు పెడితే చక్రం దగ్గర సుమారు 45 నుంచి 50 వస్తుంది. రెండంగుళాల లిఫ్టు అని చెప్పి రెండంగుళాల స్పేసరు పెడితే నాలుగంగుళాలు లేస్తుంది, గొడవలన్నీ అక్కడ మొదలు.

ఆ ఎత్తులో ఏమవుతుందంటే: ఆర్ములు కిందకి వాలిపోతాయి. చక్రం గాల్లో వేలాడినప్పుడు పై ఆర్ము కాయిల్‌ని కొడుతుంది, పై బాల్ జాయింటు దాని చివరి కోణానికి వెళ్లిపోతుంది. ఫోర్ బై ఫోర్ అయితే యాక్సిల్ జాయింట్లు ఎక్కువ కోణంలో తిరుగుతూ రబ్బరు బూటు మడతలు ఒకదానికొకటి రాసుకుంటాయి. బూటు చిరిగి గ్రీజు పోయి బురద దూరితే మిగిలేది టకటక చప్పుడు. క్యాస్టర్ (ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) తగ్గి హైవే మీద స్టీరింగు దానంతట అది మధ్యకి రాదు, 80లో బండి అటూ ఇటూ వెతుక్కుంటుంది.

కంపెనీ పై ఆర్ములతో చక్రం దగ్గర 40, మహా అయితే 50 మి.మీ. దాకానే ఆగండి. అది దాటితే వేరే పై ఆర్ములు, ముందు డిఫరెన్షియల్‌ని 25 మి.మీ. కిందకి దించే స్పేసర్లు, పొడుగు బ్రేకు హోసులు, అన్నీ కావాలి. డిఫరెన్షియల్‌ని కిందకి దించారంటే లేపిన ఎత్తులో కొంత తిరిగి ఇచ్చేసినట్టే కదా.

నా మాట వింటే స్పేసరు కాకుండా 40 మి.మీ. లిఫ్టు కోసమే చేసిన కాయిల్, దానికి జోడు షాకబ్జరు పెట్టించండి. స్పేసరు పెడితే ఆర్ములు చివరి కోణాల దాకా వేలాడి, గుంట కనబడగానే ధన్‌మని కొడతాయి. ఇంకో మాట, కాయిల్ కంప్రెసర్ సరైనది లేని షాపులో ఈ పని చేయించకండి. బిగబట్టిన కాయిల్ జారితే ప్రాణం మీదకి వస్తుంది.

చెరువుగట్టు_ఉండి:
ముందుకి కాయిల్ అర్థమైంది. వెనకకి? కమాను ఎత్తించుకోవడమా, ఒక పట్టీ కలపడమా, షాకిల్ (కమాను వెనక కొసని ఛాసిస్‌కి తగిలించే లింకు) పొడుగు పెంచడమా?

కమాన్‌కట్ట:
కమాను ఎత్తించడం అంటే పాత పట్టీల్ని సుత్తితో కొట్టి మళ్లీ వంపు తేవడం. చల్లగా కొట్టిన వంపు బరువు పడ్డ కొన్ని నెలల్లో కూలిపోతుంది. గ్యాసుతో కాల్చి వంచితే, మళ్లీ సరిగ్గా ఆయిల్లో ముంచి పదును పెట్టకపోతే, ఆ పట్టీలో స్ప్రింగు గుణం పోయినట్టే. అది వట్టి ఇనప బద్ద.

పట్టీ కలపడంలో పొడుగు చూడాలి. పొట్టి పట్టీ మధ్యలో దూరిస్తే అది అయిపోయే చోట మెయిన్ పట్టీ మీద భారమంతా ఒక గీతలా పడుతుంది, సరిగ్గా అక్కడే విరుగుతుంది. కలిపితే మెయిన్ పట్టీకి దగ్గర పొడుగున్నదే కలపాలి. అప్పుడు కూడా ఖాళీ బండి గుదిబండలా కొడుతుంది. ఖాళీగా ఎక్కువ తిరిగే బండికి పట్టీ కలపడం నాకు నచ్చదు.

షాకిల్ ఎంత పెంచితే ఎత్తు అందులో సగమే. 50 మి.మీ. పెంచితే 25. పైగా కమాను వెనక చివర కిందకి దిగి హౌసింగ్ ముక్కు పైకి తిరుగుతుంది, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్ బాక్సు నుంచి హౌసింగ్‌కి వచ్చే పొడుగు షాఫ్టు) కోణం చెడుతుంది.

మీ ఎడమ కమాను ఎలాగూ కూలింది. రెండు పక్కలా కొత్త కట్టలు (పట్టీలన్నీ కలిపిన పూర్తి కమాన్లు), కంపెనీ ఎత్తు మీద 25 మి.మీ. ఎక్కువ వంపు ఉన్నవి, బుష్షులు, షాకిల్ పిన్నులు, యూ బోల్టులు అన్నీ కొత్తవి. ఒక పక్కే మారిస్తే బండి ఒరిగే ఉంటుంది.

బుష్షు బోల్టులు చివరి బిగింపు బండి నేల మీద, చక్రాల మీద నిలబడ్డాకే. జాకీ మీద వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు ఆ కోణంలో అతుక్కుపోతుంది. నేల మీదకి దించగానే మెలిపడి మూడు నాలుగు నెలల్లో చిరుగుతుంది. కొత్త బుష్షు నాసిరకం అని తిట్టుకునే కేసుల్లో ఎక్కువ ఇవే.

ఉప్పుటేరు:
మన వైపు ఇంకో గొడవ తుప్పు. రొయ్యల చెరువు నీళ్లలో ఉప్పు ఉంటుంది. ముందు కింది ఆర్ముల్లో ఎలైన్‌మెంట్ కోసం క్యామ్ బోల్టులుంటాయి, అవి లోపలి గొట్టంతో కలిసి తుప్పు పట్టి బిగుసుకుపోతాయి. లిఫ్టు వేశాక ఎలైన్‌మెంట్ షాపులో అవి తిరగవు, కోసి తీయాల్సి వస్తుంది. కాయిల్ ఆర్డరు పెట్టక ముందే వారం రోజులు రోజూ తుప్పు విడిచే ఆయిలు కొట్టి, ఒకసారి తిప్పి చూడండి. కదలకపోతే ఆర్ము బుష్షులు, బోల్టుల ఖర్చు కూడా లెక్కలో కలుపుకోండి. బ్రేకు ఇనప పైపులు ఛాసిస్ క్లిప్పుల దగ్గర ఉబ్బి పొరలు లేస్తున్నాయేమో అప్పుడే చూసేయండి.

కమాన్లకి కాలిన ఇంజనాయిలు, డీజిలు కలిపి కొట్టే అలవాటు మానుకోండి. ఇనుముకి బాగానే ఉంటుంది, బుష్షు రబ్బరుని ఉబ్బించి తినేస్తుంది, డ్రమ్ములోకి చేరితే బ్రేకు పోతుంది. చెరువుల మీంచి వచ్చిన రోజు అడుగున మంచినీళ్లతో కడగడం దానికంటే మేలు. కాలవ నీళ్లయినా పర్వాలేదు, చెరువు నీళ్లు మాత్రం వద్దు.

మోకాటి లోతు నీళ్లు అన్నారు. దానికి లిఫ్టు కంటే ముందు బ్రీదర్లు. హౌసింగ్, గేర్ బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసు, అన్నిటికీ గాలి పీల్చే చిన్న పైపులుంటాయి. దూరం నడిచి వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుని నీళ్లని పీలుస్తుంది. బ్రీదర్ పైకి తెచ్చినా సీలు అరిగి ఉంటే సీలు లోంచి పీలుస్తుంది. ఆయిలు పాలు పోసిన టీ రంగులోకి మారితే వెంటనే మార్చాలి. పైపుని బంపరు పైకి, వెనక లైటు వెనకాల దాకా తెచ్చి, నోరు కిందకి వంచి కట్టాలి. నీళ్లలో దిగే ముందు రెండు నిమిషాలు ఆగితే ఇంకా మంచిది.

గౌతమి_రేవు:
అయితే లిఫ్టు వేసిన బండితో వరదల్లో లంక కాజ్‌వే దాటడం కుదరదంటారా? నిలవ నీళ్లకీ దానికీ తేడా ఏముంది?

ఉప్పుటేరు:
చాలా ఉంది. నిలవ నీళ్లలో లోతు ఒక్కటే లెక్క. పారే నీళ్లలో బండి తేలడం, పక్కకి నెట్టబడటం రెండూ లెక్కే. పారే నీళ్లు రెండడుగులుంటే, అంటే 60 సెం.మీ., పికప్‌ని కూడా లాక్కుపోతాయి. ఖాళీ పికప్ వెనక తేలిక, మొదట కొట్టుకుపోయేది ఆ వెనకే. టయోటా హైలక్స్‌కి కంపెనీ వాళ్లు 700 మి.మీ. నీళ్ల లోతు చెప్తారు. అది నిలవ నీళ్లలో మెల్లగా నడిపే లెక్క. కాజ్‌వే మీద అడుగు కనబడదు, అంచు కొట్టుకుపోయిందో లేదో తెలియదు. ధవళేశ్వరం దగ్గర ప్రమాద హెచ్చరిక ఎగరేశాక పడవ రేవుకి వెళ్లండి, లిఫ్టు మాట మర్చిపోండి.

ఎల్లోబోర్డు_పాలకొల్లు:
మాది బొలేరో పికప్, పసుపు బోర్డు. మేత లోడు, ఐసు ట్రేలు. వెనక కూలబడుతోంది. రెండు పట్టీలు కలిపి ఎత్తు పెంచితే ఇంకో పాతిక బస్తాలు వేయొచ్చు కదా?

కమాన్‌కట్ట:
ఎంత మాట. పట్టీ కలిపితే కమాను మోస్తుంది, మిగతావి మోయవు. హౌసింగ్ గొట్టం, చక్రాల బేరింగులు, టైర్లు, డ్రమ్ములు, ఛాసిస్ అన్నీ పాత బరువుకే కట్టినవి. కొత్త పట్టీలతో వెనక నిటారుగా కనబడుతుంది కాబట్టి ఎక్కువ వేసినట్టు మీకే తెలియదు, అదే ప్రమాదం. పాతిక బస్తాలంటే 625 కిలోలు. ఆర్‌సీలో ఉన్న మొత్తం బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే వచ్చేదే మీ లోడు. దానికి సరిపడా కొత్త కట్ట వేయించండి, అక్కడితో ఆపండి.

ఆర్‌సీ_బుక్కు:
చట్టం సంగతి కూడా ఇక్కడే. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52: కంపెనీ ఇచ్చిన వివరాలకి, ఆర్‌సీలో ఉన్నవాటికి తేడా వచ్చేలా బండి మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ(4) ప్రకారం అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. ఓవర్ లోడుకి సెక్షన్ 194: 20,000, పైన అదనపు టన్నుకి 2,000.

కూలిన స్ప్రింగుకి అదే కొలతది వేస్తే రిపేరు. అంతకంటే ఎత్తు పెంచితే మార్పు. ఇన్సూరెన్సు కంపెనీకి రాతపూర్వకంగా చెప్పకపోతే ప్రమాదం తర్వాత సర్వేయరు ముందు మాట పడేది మీరే. పసుపు బోర్డుకి ఇంకో మెలిక: బండి వయసు ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్. బ్లాకులు, పొడుగు షాకిళ్లు ఇన్‌స్పెక్టరు కంటికి ఇట్టే కనబడతాయి. కాబట్టి ముందు ఆర్‌టీవో ఆఫీసులో అడిగి, ఆ తర్వాత స్పానరు పట్టుకోండి.

స్పానర్17:
అందరూ వదిలేసే భాగం ఒకటి ఉంది, ఇది మాత్రం వదలకండి. ఏబీఎస్ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు లాక్ కాకుండా చూసేది) లేని చాలా పికప్‌లలో వెనక ఛాసిస్ మీద ఒక బ్రేకు వాల్వు, దాన్నుంచి హౌసింగ్‌కి ఒక సన్నని కడ్డీ ఉంటాయి. మెకానిక్కులు ఎల్‌ఎస్‌పీవీ అంటారు. బరువు పడి ఛాసిస్ దిగితే కడ్డీ కదిలి వెనక బ్రేకుకి ఎక్కువ ప్రెజరు పంపిస్తుంది, ఖాళీగా లేచి ఉంటే తగ్గిస్తుంది. లిఫ్టు వేశారంటే బండి నిండా లోడున్నా ఆ కడ్డీకి ఖాళీ బండిలాగే అనిపిస్తుంది. వెనక బ్రేకు సగమే పడుతుంది, భారమంతా ముందు ప్యాడ్ల మీద, ఆగే దూరం పెరుగుతుంది.

ఎంత లిఫ్టు వేశారో వాల్వు బ్రాకెట్‌ని అంత కిందకి దించాలి, లేదా కడ్డీని అంత పొడుగు చేయాలి. దీనికి అంచనా పనికిరాదు. లిఫ్టుకి ముందు కడ్డీ కోణం ఫోటో తీసి, తర్వాత అదే కోణానికి తేవాలి. ఎక్కువ దించితే ఉల్టా కథ: ఖాళీ బండికి వెనక చక్రాలు ముందే లాక్ అయి తడి రోడ్డు మీద తోక తిప్పేస్తుంది.

బ్రేకు హోసులు, ఏబీఎస్ వైర్లు కూడా చూడాలి. నాలుగు చక్రాలూ గాల్లో వేలాడదీసి, ముందు స్టీరింగు రెండు వైపులా చివరిదాకా తిప్పి, హోసు ఎక్కడా బిగుసుకోకూడదు. అదే సమయంలో వెనక షాకబ్జరు చివరిదాకా సాగిందేమో చూడండి. వేలాడినప్పుడూ, బంప్ స్టాపుకి తగిలినప్పుడూ రెండు వైపులా కనీసం 20 మి.మీ. మిగలాలి. షాకబ్జరే ఇరుసుని పట్టుకుని వేలాడదీస్తుంటే కొన్నాళ్లకి కంటి బోల్టు ఊడుతుంది.

పుంతరోడ్డు:
ఒరిగే సంగతి ఎవరూ చెప్పలేదు. ఉజ్జాయింపు లెక్క: చక్రాల మధ్య వెడల్పు 1,500 మి.మీ., లోడుతో బరువు కేంద్రం 800 ఎత్తులో ఉందనుకోండి. సగం వెడల్పు 750ని 800తో భాగిస్తే 0.94. మూడంగుళాలు లేపితే కేంద్రం 875, భాగిస్తే 0.86. పక్కకి పడకుండా నిలబడే శక్తి దాదాపు 9 శాతం పోయింది. టైర్లు, స్ప్రింగులు ఒక పక్కకి నొక్కుకుపోతే ఇంకా తగ్గుతుంది. మన గట్లు చెరువు వైపు వాలి ఉంటాయి. వెనక బతికున్న చేపల ట్యాంకు ఉంటే నీళ్లు కూడా వాలిన వైపుకే చేరతాయి. ట్యాంకు సగం నింపి తిప్పకండి, నిండా ఉండాలి లేదా ఖాళీగా ఉండాలి.

హమాలీల మాట కూడా వినండి. డెక్కు మూడంగుళాలు లేస్తే 25 కిలోల బస్తా భుజం మీంచి విసరడం మానేసి ఇద్దరు అందించుకోవాలి. లోడింగు కూలి రేటు మీద మీకే మాట పడుతుంది.

బురదలో దిగబడటానికి లిఫ్టు మందు కాదు. మన ఒండ్రు, నల్లరేగడి బంక టైరు పళ్లలో దూరి నున్నటి గుండు చేస్తుంది. ఆల్ టెర్రెయిన్ టైరు రోడ్డుకి బావుంటుంది, ఈ బంకని విదిలించుకోలేదు. మడ్ టెర్రెయిన్ విదిలిస్తుంది, హైవే మీద హోరు పెడుతుంది, తడి తారు మీద పట్టు తక్కువ. మీరు వారానికి మూడు సార్లు హైవే ఎక్కుతారు కాబట్టి ఆల్ టెర్రెయినే. గట్టు మీదకి దిగేటప్పుడు, లోడు లేకపోతే, గాలి 20 పీఎస్‌ఐకి దించి మెల్లగా పోండి, రోడ్డెక్కగానే మళ్లీ నింపండి. చిన్న కంప్రెసరు బండిలోనే ఉండాలి. దిగబడితే చక్రం ముందు కొబ్బరి మట్టలు అడ్డంగా పరిస్తే సగం సార్లు తాడు అక్కర్లేదు.

గౌతమి_రేవు:
బాడీ లిఫ్టు అని ఒకటుందిగా? ఛాసిస్‌కీ బాడీకీ మధ్య దిమ్మలు.

స్పానర్17:
కిందున్నదేదీ లేవదు, మీ సీటు మాత్రం లేస్తుంది. స్టీరింగు షాఫ్టు, రేడియేటరు హోసులు, గేరు రాడ్డు అన్నీ సర్దుకోవాలి. ఈ వాడకానికి అనవసరం.

చెరువుగట్టు_ఉండి:
సరేనండీ. ముందు 40 మి.మీ. కాయిల్, షాకబ్జర్లు, వెనక 25 మి.మీ. ఎక్కువ వంపుతో కొత్త కట్టలు, టైర్లు 265/70, బ్రీదర్లు పైకి. తూము దగ్గర గ్రావెల్. ఆర్‌టీవోలో, ఇన్సూరెన్సులో ముందు అడుగుతాను. పని ఏ వరసలో చేయించాలి?

స్పానర్17:
ఒకటే గుర్తు పెట్టుకోండి, అన్నీ ఒకే రోజు మార్చకండి. మొదట వెనక కట్టలు. 200 కిలోమీటర్లు తిప్పి చప్పుడు, వణుకు ఉందేమో చూడండి. తర్వాత ముందు కాయిల్. టైర్లు చివర. అన్నీ కలిపి మారిస్తే వణుకు దేనివల్లో పట్టుకోవడం బ్రహ్మ తరం కాదు.

ఎలైన్‌మెంట్ కాయిల్ వేసిన రోజు ఒకసారి, 500 కిలోమీటర్లకి స్ప్రింగులు కూర్చున్నాక మళ్లీ. క్యాస్టర్ కంపెనీ హద్దులోకి రాకపోతే ఎత్తు 10 మి.మీ. దించుకోవడమే, వేరే దారి లేదు.

హెడ్ లైట్లు కూడా దించాలి. చదునైన చోట గోడకి 10 మీటర్ల దూరంలో పెట్టి, డిమ్ముకి వెలుగు అంచు లైటు మధ్య ఎత్తుకంటే 10 సెం.మీ. కింద పడేలా తిప్పండి. లేకపోతే కాలవ గట్టు రోడ్డు మీద ఎదురొచ్చే బైకు వాడి కళ్లలో కొడతారు, వాడికి పక్కన ఉన్నది కాలవే.

ఎల్లోబోర్డు_పాలకొల్లు:
మా బండికి పాత ఓనరు షాకిళ్లు 60 మి.మీ. పొడుగువి వేయించినట్టున్నాడు. 40, 45 మధ్య నేల కింద గుర్రుమని వణుకు. చక్రాల బ్యాలెన్సింగ్ చేయించినా పోలేదు.

కమాన్‌కట్ట:
చక్రాల వణుకు సాధారణంగా స్పీడు పెరిగే కొద్దీ పెరిగి స్టీరింగులో తెలుస్తుంది. 40 దగ్గర నేల కింద వస్తే ప్రొపెల్లర్ షాఫ్టు కోణం. ఫోన్లో కోణం చూపించే యాప్ ఉంటుంది కదా, దాంతో చూడండి. హౌసింగ్ ముక్కు ఫ్లాంజి మీదా, సెంటర్ బేరింగ్‌కి ముందున్న షాఫ్టు ముక్క మీదా పెట్టి చదవండి. రెండూ ఒకదానికొకటి సమాంతరంగా, ఒక డిగ్రీ లోపు తేడాతో ఉండాలి. పొడుగు షాకిల్ వల్ల మీ హౌసింగ్ ముక్కు పైకి లేచి ఉంటుంది. క్రాసులు, సెంటర్ బేరింగ్ రబ్బరు కూడా చేత్తో ఊపి చూడండి, రబ్బరు చిరిగి ఉంటే ముందు అది.

మంచి మందు పాత కొలత షాకిళ్లు తిరిగి వేయడం. అవి దొరికేదాకా కమానుకీ హౌసింగ్ సీటుకీ మధ్య రెండు డిగ్రీల ఇనప వెడ్జి (ఒక వైపు మందంగా, రెండో వైపు పల్చగా ఉండే ముక్క) పెట్టొచ్చు. కమాను హౌసింగ్ పైన ఉండే బండి కదా మీది, మందం వైపు ముందుకి ఉండాలి. అప్పుడు ముక్కు కిందకి దిగుతుంది.

ఎల్లోబోర్డు_పాలకొల్లు:
కొలిచాను. తేడా నాలుగు డిగ్రీలు ఉంది. షాపులో వెడ్జి పెట్టి చూశారు, వణుకు ఇంకా పెరిగింది.

కమాన్‌కట్ట:
మందం వైపు వెనక్కి పెట్టి ఉంటారు. యూ బోల్టులు వదులు చేసి తిప్పించండి. ఒకసారి బిగించారు కాబట్టి యూ బోల్టులు మళ్లీ కొత్తవి.

ఎల్లోబోర్డు_పాలకొల్లు:
వెనక్కే పెట్టారండి. తిప్పితే తేడా రెండు డిగ్రీలకి వచ్చింది, 45లో గుర్రు తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. పాత కొలత షాకిళ్లు తణుకులో ఉన్నాయన్నారు, ఆదివారం వెళ్తున్నాను.